అండర్-10 రెక్ సాకర్: వరసగా ఓడిపోతున్నాం, గోల్ కిక్‌లు ఎలా ఆడించాలి?

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్కారం. మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. మా పాప ఆడే అండర్-10 అమ్మాయిల రెక్ (సరదాకి ఆడే రిక్రియేషనల్) టీమ్‌కి కోచ్ దొరకలేదని లీగ్ వాళ్లు మెయిల్ మీద మెయిల్ పెడుతుంటే, సరేలే అని నేనే ఒప్పుకున్నాను. బ్యాక్‌గ్రౌండ్ చెక్, సేఫ్‌స్పోర్ట్ ట్రైనింగ్ (ఆటల్లో పిల్లల్ని వేధింపుల నుంచి కాపాడ్డం గురించి) అయ్యాక ఒక సంచీడు కోన్లు చేతిలో పెట్టారు. నేను గుంటూరులో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ని. ఫుట్‌బాల్ అంటే వరల్డ్ కప్ వచ్చినప్పుడు టీవీలో చూడ్డం వరకే.

ఈ స్ప్రింగ్‌లో ఇంకా బోణీ కాలేదు. మొన్న శనివారం 7-0. ఎదుటి కోచ్ మంచాయన, నాలుగో గోల్ పడ్డాక ఒక పిల్లని బయట కూర్చోబెట్టి ఆరుగురితోనే ఆడించాడు. దానికి థాంక్స్ చెప్పాలో మొహం దాచుకోవాలో నాకు అర్థం కాలేదు.

చాలా గోల్స్ మా గోల్ కిక్‌ల నుంచే, అంటే ఎదుటివాళ్లు తన్నిన బంతి మా గోల్ లైన్ దాటి బయటికి పోయాక మేం గోల్ దగ్గర నుంచి తన్నే కిక్‌ల నుంచే పడుతున్నాయి. మా గోలీ (గోల్‌కీపర్) పక్కనున్న డిఫెండర్‌కి పాస్ ఇస్తుంది. ఆ పిల్ల తల ఎత్తేలోపే బిల్డ్ అవుట్ లైన్ (మేం గోల్ కిక్ తన్నేదాకా ఎదుటివాళ్లు ఆగాల్సిన గీత) వెనక నుంచి ముగ్గురు మీదికి పరుగెత్తుకొచ్చేస్తారు. టెన్షన్‌లో బంతిని మా గోల్ ముందుకే తన్నేస్తుంది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే.

పక్కన తల్లిదండ్రులు "కొట్టు, గట్టిగా కొట్టు!" అని ఒకటే కేకలు. టీమ్‌లో ముగ్గురికి తెలుగు అస్సలు రాదు, ఆ ఒక్క మాట మాత్రం బాగా వచ్చేసింది. వాట్సాప్‌లోనేమో, బాగా ఆడే ఇద్దర్నీ మ్యాచ్ మొత్తం ఉంచమని గొడవ. మా లీగ్‌లో ప్రతి పిల్లా కనీసం సగం ఆట ఆడాలి, దాన్ని నేను మార్చేది లేదు.

నేను అడిగేది రెండే. గోల్ కిక్ కాలిబలం ఉన్న పిల్లతో దూరంగా తన్నించెయ్యాలా, ఇలాగే పాసులు ఆడించాలా? ఇంకోటి, మా గోలీ "అంకుల్, మనమే ఎందుకు ఎప్పుడూ ఓడిపోతాం?" అంది. ఆ పిల్లకి ఏం చెప్పమంటారు?

ఎడిసన్ కోచ్:
అన్నా, దూరంగా తన్నించకండి. ఆ వయసులో ఎంత గట్టిగా తన్నినా బంతి మహా అయితే సగం గ్రౌండ్ దాకా పోతుంది. పదేళ్ల లోపు పిల్లలు తలతో ఆడకూడదని ఇక్కడి సాకర్ ఫెడరేషన్ యూఎస్ సాకర్ 2015లోనే చెప్పింది. కాబట్టి గాల్లో వచ్చిన బంతికి ఎవరూ ఏమీ చెయ్యలేరు, నేలమీద పడి ఎగిరాక ఎవరు వేగంగా పరిగెత్తితే వాళ్లదే. మీ టీమ్‌లో ఎదుటివాళ్లందరికన్నా వేగంగా పరిగెత్తే పిల్ల ఉంటే మీకు ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

అసలు సమస్య మీ డిఫెండర్లు నిలబడే చోటులో ఉంది. గోల్‌కి దగ్గరగా ఉన్నారంటే, వాళ్ల కాలు జారిన ప్రతి బంతీ గోలే. ఇద్దర్నీ పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసిన పెద్ద డబ్బా) మూలల దగ్గరికి, ఇంకా బయటికి పంపండి. వీపు సైడ్‌లైన్ వైపు ఉండాలి, అప్పుడే గ్రౌండ్ అంతా కళ్లెదుట ఉంటుంది. దారి కనబడకపోతే సైడ్‌లైన్ బయటికి తన్నెయ్యమనండి. త్రో-ఇన్ వాళ్లకే పోతుంది, పోనివ్వండి. అందరూ వెనక్కి రావడానికి టైమ్ దొరుకుతుంది. పేరెంట్స్ కూడా కేకలు వేస్తే "బయటికి కొట్టు" అనాలని చెప్పండి.

ప్రాక్టీసులో గోలీ, ఇద్దరు డిఫెండర్లు, ఒక మిడ్‌ఫీల్డర్ ఒకవైపు. ఎదురుగా ఇద్దరే. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని బిల్డ్ అవుట్ లైన్ దాటిస్తే ఒక పాయింట్. పది నిమిషాలయ్యాక ఎదురుగా మూడో పిల్లని దించండి. మ్యాచ్‌లోనూ ఇదే లెక్కపెట్టండి, ఎన్నిసార్లు లైన్ దాటించారో. మీ గోలీకి చెప్పాల్సిన జవాబు కూడా ఇదే: "ఇక్కడ బంతి పోగొట్టుకుంటున్నాం, దీన్నే బాగు చేస్తున్నాం."

సబ్‌స్టిట్యూషన్లు ముందు రోజు రాత్రే కాగితం మీద రాసేసుకోండి. గ్రౌండ్‌లో ఎవరైనా వచ్చి అడిగితే కాగితం చూపించండి. వాదనలు సగం తగ్గిపోతాయి. మిగతా సగం ఎలాగూ ఉంటాయి.

షార్లెట్ అమ్మ:
నేను కోచ్‌ని కాదు, ఇద్దరు ఆటగాళ్లకి డ్రైవర్‌ని. ఓడిన రోజు "స్కోర్ ముఖ్యం కాదమ్మా" అని మాత్రం అనకండి. లీగ్ స్కోర్ రాయకపోయినా ఏడేళ్ల పిల్లలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు. ఏడు పడ్డాయని తనకి తెలుసు, మీకూ తెలుసు. "అవును, ఏడు పడ్డాయి" అనేసి, ఆ రోజు తను ఆపిన బంతి ఒకటి పేరుపెట్టి చెప్పండి, ఏ వైపు నుంచి వచ్చిందో, ఎలా ఆపిందో. ఊరికే "గుడ్ జాబ్" అంటే పిల్లలు నమ్మరు.

ఇంకోటి, గోలీని మారుస్తున్నారా? ఏడూ ఒకే పిల్ల తిన్నదంటే అది అన్యాయం అండీ. హాఫ్ టైమ్‌కి మార్చండి. ఇక కారులో మాత్రం మ్యాచ్ ఊసే వద్దు. మావాడు ఇంటికెళ్లి అన్నం తిన్నాక తనంతట తనే మొదలెడతాడు.

సికింద్రాబాద్ పాత ఆటగాడు:
బాబూ, మా హైదరాబాద్ రహీం సాహెబ్ సంగతి మీ తరానికి ఎంతమందికి తెలుసో. సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులుగా పనిచేసినాయన. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఆయన కోచింగ్‌లో ఇండియా మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. ఫైనల్లో మళ్లీ ఆ కొరియానే 2-1తో కొట్టి బంగారు పతకం తెచ్చారు. ఆయన ఇక్కడ కుర్రాళ్లకి బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చెయ్యకూడదని షరతులు పెట్టి పోటీలు నడిపేవాడు. మీ డిఫెండర్ గోల్ ముందుకు తన్నడానికి, రెండో కాలు అలవాటు లేకపోవడమే కారణమేమో చూడండి. ఎడమవైపు నిలబడిన పిల్ల కుడికాలితోనే తన్నాలని చూస్తే, బంతి తిరిగేది మధ్యకే కదా.

ఫ్రిస్కో నాన్న:
అంకుల్, ఫోన్లో తీసిన వీడియో మళ్లీ చూశాను. మీరన్నది నిజమే, ఎడమవైపు ఆడే పిల్లది కుడికాలు. గోల్స్ ఎక్కువ అటునుంచే పడ్డాయి. ఈ గురువారం ప్రాక్టీసు చివర్లో ఎడమకాలి ఆట పెడతాను. షార్లెట్ అక్కా, గోలీ గ్లవ్స్ వేసుకోవడానికి ఇంకో ఇద్దరు రెడీగా ఉన్నారు, వాళ్లతోనూ మాట్లాడాను. ఎడిసన్ అన్నా, ఎదురుగా మూడో పిల్లని ఎప్పుడు దించాలి? పది నిమిషాలకి మావాళ్లు ఒక్కసారైనా లైన్ దాటిస్తారో లేదో.

ఎడిసన్ కోచ్:
దాటించకపోతే దించొద్దు. ఒక్కదాన్నే ఎదురుపెట్టి మొదలెట్టండి.