డివిడెండ్ పన్నుకు జంకి లాభాన్ని కంపెనీలోనే ఉంచేస్తున్నాను. సరైన పనేనా?

ప్రశ్న:
మాది పన్నెండు మంది పనిచేసే చిన్న కంపెనీ. షేర్లన్నీ నావీ, మా ఆవిడవీ. ఏటా డివిడెండ్ తీర్మానం టైపు చేయిస్తాను, సంతకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడదు. లాభం వంద అనుకోండి. కంపెనీ పన్ను 25 శాతం పోతే 75 మిగులుతుంది. అది నా చేతికొచ్చేటప్పుడు మళ్లీ 30 శాతం పడితే చివరికి యాభై రెండున్నర. ఆ లెక్క చూసి కాగితం సొరుగులో పడేస్తాను. ఇప్పటికి మూడు పోగయ్యాయి. పోయినేడు పెద్దగా అవసరం లేకపోయినా కంపెనీ పేరున కారు కొన్నాను. అందరూ ఇలాగే చేస్తారా?

జవాబు 1:
ముందు జీతం పెంచుకోండి. జీతం కంపెనీకి ఖర్చు కిందకొస్తుంది కాబట్టి పన్ను మీకొక్కరికే. కింది శ్లాబులు నిండేదాకా అదే లాభం.

జవాబు 2:
ఇరవై ఏళ్లుగా ఇలాంటి కంపెనీల పద్దులు చూస్తున్నాను. మీ సొరుగు లాంటివి చాలా ఉన్నాయి.

నార్వేలో 2006కు ముందు యజమానులకు డివిడెండ్ మీద దాదాపు పన్ను లేదు. రాబోతోందని తెలియగానే ఉన్నదంతా తీసేసుకున్నారు, కొందరు దాన్నే మళ్లీ మూలధనంగా కంపెనీలో పెట్టారు. పన్ను వచ్చాక డివిడెండ్లు ఒక్కసారిగా పడిపోయాయి. ఫ్రాన్స్ 2013లో డివిడెండ్‌ను జీతంలాగే శ్లాబుల్లోకి తెస్తే అక్కడా తగ్గాయి, 2018లో 30 శాతం ఒకే రేటు పెట్టాక మళ్లీ పెరిగాయి. అంటే రేటు చూసి జనం ముందు మార్చుకునేది డబ్బు తీసే సమయాన్ని.

ఫ్రాన్స్‌లో గిరాకీ ఉన్న కంపెనీలు అలా ఆగిన డబ్బును పెట్టుబడిగా వాడుకున్నాయి. మీకు ఆర్డర్లుంటే ఉంచండి, యంత్రం కొనండి. లేకపోతే ఆ డబ్బు వ్యాపారంలో ఊరికే కూర్చుంటుంది, వ్యాపారం దెబ్బతింటే దానితోపాటే పోతుంది. నాకు అసలు బెంగ అదే. ఇంటి కోసం దాచింది అప్పులవాళ్లకు పోయిన కుటుంబాన్ని దగ్గరుండి చూశాను.

కారు సంగతి జాగ్రత్త. సొంత వాడకాన్ని చాలా దేశాల్లో మీ ఆదాయంలోనే కలుపుతారు. కంపెనీ నుంచి అప్పుగా తీసుకుందామన్నా, చాలాచోట్ల దాన్నీ డివిడెండ్‌గానే లెక్కేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఆర్డర్లు ఈ ఏడాది పెద్దగా లేవండీ. జీతం సంగతి రేపు ఆడిటర్‌ని అడుగుతాను. మూడు కాగితాల్లో పాతదాన్ని బయటకు తీశాను. తేదీ మార్చి కొత్తగా టైపు చేయించాలి.