స్కూలు పిల్లలకి సైకిల్ హెల్మెట్: అవసరమా, దండగా?

అరసవల్లి నాన్న:
మా పాప తొమ్మిదో తరగతికి వచ్చింది. ఏడు రోడ్ల జంక్షన్ దాటి స్కూలుకి సైకిల్ మీదే వెళ్తోంది. హెల్మెట్ కొందామంటే ఇంట్లో నవ్వుతున్నారు. నిజంగా పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత బస్టాండు:
దండగే అన్నా. మన ఊళ్లో సైకిల్ తొక్కేవాడికి భయం ఆటోలతో, ఇసుక లారీలతో. లారీ గుద్దితే ఆ థర్మోకోల్ టోపీ ఏం ఆపుతుంది? దాన్ని పరీక్షించేదే గంటకి 20 కిలోమీటర్ల వేగంలో. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా బైకులకే గానీ సైకిళ్లకి కాదు. నెదర్లాండ్స్‌లో ఊరంతా సైకిలే తొక్కుతారు, బజారుకెళ్లేవాడు హెల్మెట్ పెట్టడం అరుదు.

ఫిజిక్స్ మాస్టారు, ఆమదాలవలస:
ఆ 20 ఎక్కడిదో చూడాలి బాబూ. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం, హెల్మెట్ తొడిగిన నమూనా తలని దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి ఇనుప దిమ్మ మీదకి వదులుతారు. అంత ఎత్తు నుంచి పడితే వచ్చే వేగం సెకనుకి 5.4 మీటర్లు, అంటే గంటకి సుమారు 20 కిలోమీటర్లు. సైకిలెక్కిన పిల్ల తల ఉండేది కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే. పక్కకి పడినప్పుడు తల రోడ్డుకి ఎంత గట్టిగా కొట్టుకుంటుందన్నది ఆ ఎత్తుని బట్టే ఉంటుంది, సైకిల్ ముందుకెళ్లే వేగాన్ని బట్టి అంతగా కాదు. (ఎదురుగా గోడో బండో ఉంటే లెక్క వేరు.)

థర్మోకోల్ అన్నారు. ఆ జాతిదే, కాకపోతే గట్టిది. నలగడమే దాని పని. తల 2 సెంటీమీటర్ల మేర దాన్ని నలిపి ఆగితే, తల మీద పడే తాకిడి సగటున గురుత్వ త్వరణానికి 75 రెట్లు. హెల్మెట్ లేక 4 మిల్లీమీటర్లలో ఆగిపోయిందనుకోండి, 375 రెట్లు. పరీక్షలో 250 దాటితే ఆ హెల్మెట్ తప్పినట్టే. లారీ చక్రం కింద ఇది పనిచేయదు, నిజం. బైకు హెల్మెటూ పనిచేయదు. దాన్ని దండగ అనరేం మరి?

పాత బస్టాండు:
లెక్క బాగుంది మాస్టారూ, రోడ్డు మీద అంకెలే తేడా. 1989లో సియాటిల్ అధ్యయనం తల గాయాలు 85 శాతం తగ్గుతాయంది. 2013లో అమెరికా ప్రభుత్వ సంస్థలే ఆ అంకె వాడటం మానేశాయి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990లో హెల్మెట్ తప్పనిసరి చేస్తే టీనేజీ పిల్లలు సైకిళ్లు తొక్కడమే తగ్గించారు. ఇంగ్లండ్‌లో బాత్ యూనివర్సిటీ పరిశోధకుడు ఇయాన్ వాకర్ స్వయంగా తొక్కి కొలిచాడు: హెల్మెట్ ఉంటే బండ్లు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా దాటాయి.

ఫిజిక్స్ మాస్టారు, ఆమదాలవలస:
ఆ 8.5 సెంటీమీటర్ల మీద తర్వాత వేరేవాళ్లు అవే లెక్కలు తీసి అభ్యంతరం చెప్పారు. 85 ఎక్కువ చెప్పిన మాటే, ఒప్పుకుంటాను. కానీ 2016లో 40 అధ్యయనాలు కలిపి చూస్తే తల గాయం అవకాశం సగానికి, తీవ్రమైన గాయం అవకాశం 70 శాతం దాకా తగ్గినట్టు తేలింది. అవి దెబ్బ తగిలినవాళ్ల లెక్కలు, ప్రమాదమే జరగదని కాదు. విక్టోరియా సంగతి చట్టం గురించి. ఈయన అడిగింది ఒక్క పాప గురించి.

క్యాజువాలిటీ సిస్టర్:
పేపర్లో పడేవి లారీ కేసులు. మా దగ్గరకొచ్చే పిల్లలు ఎక్కువగా చున్నీ చైన్లో పడో, చక్రం గుంతలో దిగో, కుక్క అడ్డొచ్చో పడినవాళ్లు. చాలామందికి మణికట్టు, మోచేయి. తలకి తగిలేది కొందరికే, వైజాగ్ రాసి పంపేది వాళ్లనే. ముందు ఆ చున్నీకి పిన్ను పెట్టించండి.

అరసవల్లి నాన్న:
కొనేస్తాను. రెండు జడలు, రిబ్బన్లు, పైగా ఎండ. పెట్టుకుంటుందా అన్నదే టెన్షన్.

ఎచ్చెర్ల రైడర్:
జడలు మడవకుండా కిందకి వదిలితే ఇబ్బంది లేదు, ముడి మాత్రం నెత్తి మీద ఉండకూడదు. ముందంచు కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉండాలి, వెనక్కి జారితే నుదురు బయటపడుతుంది. గడ్డం కింద పట్టీలో ఒక వేలు పట్టాలి, అంతే. గాలి కన్నాలున్నది తీసుకోండి. లోపల ఈఎన్ 1078 అనో, అమెరికా ప్రమాణం సీపీఎస్‌సీ అనో ఉందేమో చూడండి, ఉత్త ప్లాస్టిక్ డొప్ప కొనొద్దు. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పగుళ్లు కనిపించకపోయినా మార్చేయాలి.

పాత బస్టాండు:
కొనుక్కోండన్నా, కాదనను. అదే డబ్బుల్లో బ్రేకు రబ్బర్లు, వెనక రిఫ్లెక్టరు కూడా చూడండి. ఏడు రోడ్ల దగ్గర ఆటోలు ఎడమపక్క అడ్డంగా ఆగడం మానితే హెల్మెట్ కన్నా అదే ఎక్కువ కాపాడుతుంది. మాస్టారు ఎన్ని లెక్కలు చెప్పినా నా మాట అదే.