1941 డిసెంబరు తర్వాత మా కబ్ లాగ్‌బుక్ ఎందుకు ఖాళీ?

టెయిల్‌వీల్_టెక్సస్:
నలుగురం తెలుగువాళ్ళం తలా కాస్త వేసుకుని పాత పైపర్ జే-3 కబ్ కొన్నాం, 1940 తయారీ. ఎగిరిన ప్రతిసారీ రాసే అప్పటి లాగ్‌బుక్కులూ వచ్చాయి. 1941 డిసెంబరు 6, శనివారం దాకా ఎంట్రీలు వరసగా ఉన్నాయి. ఆపైన ఏప్రిల్ వరకూ గీత కూడా లేదు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి వల్లేనని అర్థమవుతోంది. కానీ పొలాల మీద తిరిగే ఈ బుల్లి విమానంతో వాళ్ళకేం భయం?

గోదారిగాలి:
అనుమానం విమానం మీద కాదన్నా, నడిపేవాడి మీద. దాడి జరిగిన మర్నాటికల్లా ఎయిర్‌లైన్ పైలట్లవి తప్ప మిగతా లైసెన్సులన్నీ సస్పెండ్. పౌరసత్వం రుజువు చేసుకుని, వేలిముద్రలిస్తేనే మళ్ళీ చెల్లుబాటు. జపాన్ జాతీయుల మీద 7నే వచ్చిన ప్రకటన చూడండి, విమానమే కాదు, బెలూన్ కూడా ఎక్కకూడదట! పశ్చిమ తీరంలో మరీ ఘోరం. సముద్రం నుంచి 150 మైళ్ళ లోపల ప్రైవేటు ఫ్లయింగే బంద్.

కాలేజ్‌పార్క్_బాబాయ్:
వేలిముద్రల గోల 1941తో పోలేదు నాయనా. మాది వాషింగ్టన్ పక్కనే ఉన్న కాలేజ్ పార్క్ ఎయిర్‌పోర్ట్. 2001 సెప్టెంబరులో మూసేస్తే, ఇక్కడ విమానాలున్నవాళ్ళం మళ్ళీ ఎగిరింది 2002 ఫిబ్రవరిలో. ఇప్పటికీ వేలిముద్రలు, విచారణ, ఆపైన ఒక పిన్. ఊరికే ఓ చక్కర్ కొట్టాలన్నా ఫోన్ చేసి, పిన్ చెప్పి, ప్లాన్ రాయించాలి. రాడార్‌కి మన కోడ్ పంపే ట్రాన్స్‌పాండర్‌ని అలవాటు కొద్దీ మామూలు కోడ్ 1200 మీద వదిలేశావో, నీ పని అంతే.

టెయిల్‌వీల్_టెక్సస్:
కబ్‌లో కరెంటే లేదు బాబాయ్ గారూ, ట్రాన్స్‌పాండర్ ఎక్కడ పెట్టను!

కాలేజ్‌పార్క్_బాబాయ్:
అయితే ఇటు తేకు.

లండన్_లక్ష్మి:
మీకు లైసెన్సు పోయింది, ఇక్కడ విమానమే పోయింది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించగానే ప్రైవేటు ఫ్లయింగ్ ఆపేసి, చాలా విమానాల్ని వాయుసేనకి లాక్కున్నారు. మా క్లబ్బులోని మాత్ అనే పాత విమానం కాగితాల్లో సివిల్ రిజిస్ట్రేషన్ అక్షరాలు కొట్టేసి, పైన ఎర్ర సిరాతో సైనిక నంబరు రాసి ఉంటుంది.

కడప_క్యాడెట్:
2025 మేలో ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు 12వ తేదీ వరకూ మూసినప్పుడు మా తమ్ముడు అటువైపే పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. అవర్స్ లెక్క ఆగిపోయింది, మెస్సులో పేకాట మొదలైంది.

గోదారిగాలి:
టెక్సస్ అన్నా, ఏప్రిల్ నుంచి సివిల్ ఎయిర్ పెట్రోల్ పనికి వాడారేమో చూడండి. 1941 డిసెంబరు 1న మొదలైన సంస్థ అది. పౌర పైలట్లు సొంత విమానాలతోనే తీరం వెంట జలాంతర్గాముల్ని వెతికేవాళ్ళు, కొన్నిటికి బాంబులు కూడా తగిలించారు. మీ 65 గుర్రపుశక్తి కబ్ బాంబు మోయలేదనుకోండి, ఉత్తరాలు మోసుంటుంది. ఇంజిన్ లాగ్ వేరే పుస్తకం ఉండాలి, తీశారా? కాపలా లేనిచోట విమానం కదలకుండా భాగాలు ఊడదీసేవాళ్ళు.

టెయిల్‌వీల్_టెక్సస్:
తీశాను. ఏప్రిల్ మొదటి లైను: మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే భాగాలు) తిరిగి బిగించారు, గ్రౌండ్ రన్ (నేల మీదే ఇంజిన్ నడిపి చూడటం) ఓకే. హ్యాంగర్లో సిగ్నల్ లేదు, ఫోటో ఇంటికెళ్ళి పెడతా.