గైడ్ మేడమ్ సైటేషన్లు ఎలా లెక్కపెట్టాలి? ఒక్కోచోట ఒక్కో అంకె వస్తోంది

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:
అందరికీ నమస్కారం. మా గైడ్ మేడమ్ వచ్చే నెల రిటైరవుతున్నారు. అభినందన సంచికలో ఆమె పరిశోధన గురించి రాసే పని నాకు అప్పగించారు. ముప్పై ఏళ్లుగా చదువులో వెనుకబడిన పిల్లల మీద, టీచర్ల శిక్షణ మీద పనిచేశారు. సైటేషన్లంటే ఆమె పేపర్లను ఇతరులు తమ రచనల్లో ఉదహరించిన సందర్భాలు కదా, గూగుల్ స్కాలర్‌లో కనిపించేవాటిలో స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్‌లో ఆరో వంతు కూడా లేవు. ఏది రాయాలి? ఎవరెవరితో కలిసి పనిచేశారో ఒక పటం కూడా వేయమన్నారు. తప్పు రాస్తే ఆమెకు మాట వస్తుందని టెన్షన్‌గా ఉంది.

కాలేజీ లైబ్రేరియన్, తిరుపతి:
అమ్మా, రెండూ సరైనవే. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న జర్నళ్లు, పుస్తకాలు, సదస్సుల పేపర్లలో వచ్చిన సైటేషన్లనే లెక్కపెడుతుంది. స్కాలర్ మాత్రం నెట్‌లో దొరికే థీసిస్‌లు, రిపోర్టులు, చిన్న జర్నళ్లు కూడా కలుపుకుంటుంది. ఎడ్యుకేషన్‌లో మనవాళ్ల పని ఎక్కువగా అక్కడే ఉంటుంది, అందుకే ఇంత తేడా. రెండు అంకెలూ విడివిడిగా రాసి, ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో పక్కనే వేయండి. రెండూ కూడొద్దు, ఒకే సైటేషన్ రెండుచోట్లా ఉంటుంది.

అంతకన్నా ముందు పేరు చూడండి. మన పేర్లతోనే అసలు చిక్కు. ఒక పేపర్‌లో ‘పి. సుజాత’, ఇంకోదాంట్లో ‘సుజాత పి.’, పెళ్లయి ఇంటిపేరు మారాక ‘కె. సుజాత’. డేటాబేసులు వీళ్లను ముగ్గురు మనుషులుగా లెక్కవేయొచ్చు. పొడి అక్షరాలు కలిసిన వేరే సుజాతల పేపర్లు ఈమె ఖాతాలో పడటమూ మామూలే. మేడమ్ బయోడేటా దగ్గర పెట్టుకుని ఒక్కో పేపర్‌కీ టిక్ పెట్టండి. ఒకటి రెండు సాయంత్రాలు పోయినా సరే, ఇది చేయకుండా అంకె రాయకండి. స్కోపస్‌లో రెండు ప్రొఫైళ్లు కనిపిస్తే, కలపమని అక్కడే కోరవచ్చు.

విద్యార్థిని:
చాలా థాంక్స్ సార్. హెచ్-ఇండెక్స్ కూడా వేయాలా?

రిటైర్డ్ ప్రొఫెసర్, తిరుపతి:
వేయవచ్చు, ఏమిటో ఒక వాక్యంలో చెప్పి వేయండి. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత అది. ఆరు పేపర్లకు వరుసగా 30, 14, 9, 5, 3, 1 సైటేషన్లు ఉన్నాయనుకోండి. కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగు, కనుక హెచ్-ఇండెక్స్ 4. మొదటి పేపర్‌కు 30 బదులు 300 వచ్చినా అది 4 దగ్గరే ఉంటుంది. సైన్సు డిపార్ట్‌మెంట్ వాళ్ల అంకెతో మాత్రం పోల్చకండి. రంగాన్ని బట్టి సైటేషన్ అలవాట్లు మారతాయనీ, స్థానిక అవసరాల కోసం చేసే పరిశోధనను కాపాడుకోవాలనీ పరిశోధనను అంకెలతో ఎలా అంచనా వేయాలో చెబుతూ 2015లో వచ్చిన ‘లైడెన్ మేనిఫెస్టో’ అనే ప్రకటన స్పష్టంగా చెప్పింది. మేడమ్ తెలుగులో తయారుచేసిన శిక్షణ పుస్తకాన్ని వందమంది టీచర్లు వాడినా ఒక్క సైటేషన్ రాదు. దానికి ఒక పేరా విడిగా ఇవ్వండమ్మా.

బీఈడీ అధ్యాపకుడు, చిత్తూరు:
అక్కా, పటం సంగతి నేను చెప్తాను. ఇలాంటి పటాలు వేయడానికి వీఓఎస్ వ్యూయర్ అని నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. స్కోపస్ నుంచి పేపర్ల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించుకుని, సాఫ్ట్‌వేర్‌లో కో-ఆథర్‌షిప్ (ఎవరు ఎవరితో కలిసి రాశారో) ఎంచుకోండి. ఒక రచయితకు కనీసం ఎన్ని పేపర్లుండాలని అడుగుతుంది, 1 పెట్టండి. లేకపోతే ఒక్కసారే కలిసి రాసినవాళ్లు పటంలోకి రారు. రెండు రకాలుగా ఉన్న పేర్లను కలపడానికి థిసారస్ ఫైలు, అంటే ఏ పేరు బదులు ఏ పేరు వాడాలో రాసిన జాబితా, ఇవ్వవచ్చు. ఫ్రాక్షనల్ కౌంటింగ్, అంటే రచయితలు ఎక్కువమంది ఉన్న పేపర్‌లో ఒక్కో జంట బంధాన్ని తక్కువగా లెక్కించే పద్ధతి, పెడితే మంచిది. పదిమంది కలిసి రాసిన పేపర్‌లో ఇద్దరి మధ్య బంధం, ఇద్దరే రాసిన పేపర్‌లోని బంధం ఒకే బరువు తూగవు.

స్కోపస్‌లో లేని పేపర్ల కోసం ఎక్సెల్‌లో ఒక వరుసలో పేపర్, పక్కన సహరచయితలు, వాళ్ల సంస్థ, ఏడాది రాసుకోండి. ఇంకో మాట. పేపర్ల చివర కృతజ్ఞతలు చదవండి. మన రంగంలో జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మాస్టర్లు, క్లాసులో ప్రయోగం నడిపిన టీచర్లు అక్కడే ఉంటారు, రచయితల్లో ఉండరు. వాళ్ల పేర్లు పటం కింద వేయండి.

విద్యార్థిని (నాలుగు రోజుల తర్వాత):
సార్ చెప్పినట్టే స్కోపస్‌లో మేడమ్‌కు రెండు ప్రొఫైళ్లున్నాయి, కలపమని కోరాను. స్కాలర్‌లో వేరేవాళ్ల పేపర్లు మూడు దొరికాయి, వాటిని తీసేసే లెక్కవేశాను. పటం వచ్చింది తమ్ముడూ. కృతజ్ఞతలు చదువుతుంటే ఒక టీచర్ పేరు ఐదు పేపర్లలో కనిపించింది. మేడమ్‌ను అడిగితే ఆయన ఫోన్ నంబరు ఇచ్చారు. ఆదివారం వెళ్లి కలుస్తున్నాను.