టర్నింగ్‌లో కాలు ఎక్కడ పెట్టాలి, బండి ఎంతవరకు వంచొచ్చు?

అరండల్‌పేట రైడర్:
అన్నలూ ఒక డౌట్. ఆదివారం పొద్దున్నే కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఎడమ టర్నింగ్‌లో షూ ముందు భాగం రోడ్డుకి గీసుకుంది, పెద్ద స్పీడ్ కూడా లేదు, 40 లోపే ఉంటుంది. నేను పాదం మధ్య భాగం ఫుట్‌రెస్ట్ మీద పెట్టి వేళ్లు గేర్ రాడ్ కింద ఉంచుతా. అంటే బండి ఇక వంగదనా? కుడి టర్నింగ్‌లో అయితే బ్రేక్ మీద నుంచి కాలు తీయాలంటే భయం.

పటమట350:
షూ తగిలితే బండి లిమిట్ అయిపోయినట్టు కాదు తమ్ముడూ, నీ వేళ్లు ఫుట్‌రెస్ట్ కంటే బయటికి, కిందికి వేలాడుతున్నాయి అంతే. గేర్ మార్చేది టర్నింగ్ ముందే మార్చేసి కాలు వెనక్కి లాగి వేళ్ల కింద ఉండే గట్టి భాగం ఫుట్‌రెస్ట్ మీద పెట్టు, మడమ బండికి ఆనించు. అప్పుడు ముందు తగిలేది ఫుట్‌రెస్ట్ చివరుండే బోల్ట్ లాంటిది, అది ఉండేదే అందుకు, ఫుట్‌రెస్ట్ కూడా పైకి మడుస్తుంది కాబట్టి వార్నింగ్ వచ్చాక కొంచెం టైం దొరుకుతుంది. అదే షూ వేళ్లు రోడ్డుకి ఫుట్‌రెస్ట్‌కి మధ్య ఇరుక్కుంటే పాదం వెనక్కి మెలిపడిపోద్ది.
టర్నింగ్‌లో బండిని బయటికి లాగే బలం మాత్రం స్పీడ్ వర్గంతో పెరుగుతుంది, అంటే స్పీడ్ రెట్టింపైతే బలం నాలుగు రెట్లు, దాన్ని ఆపడానికి బండి అంత ఎక్కువ వంచాలి, ఇది చాలామంది పట్టించుకోరు. 25 మీటర్ల రేడియస్ ఉన్న టర్నింగ్‌లో 40 మీద నిటారు నుంచి దాదాపు 27 డిగ్రీలు వంచితే చాలు, అదే టర్నింగ్‌లో 50 మీద వెళ్తే 38 కావాలి. మోటోజీపీ వాళ్లు 60 దాటి వంచుతారు కానీ అది వేడెక్కిన స్లిక్ (గాళ్లు లేని నున్నటి) టైర్లు, శుభ్రంగా ఉన్న ట్రాక్. మన రోడ్డు వేరు.

ఆటోనగర్ మెకానిక్:
ఫుట్‌రెస్ట్ గీసుకుంటే భయం లేదు, స్టాండ్ గానీ సైలెన్సర్ గానీ తగిలితేనే ప్రమాదం, అవి మడవవు కదా, బరువంతా దాని మీద పడి టైర్ రోడ్డు వదిలేస్తుంది. మా దగ్గరికొచ్చే బండ్లలో సెంటర్ స్టాండ్ స్ప్రింగ్ సాగిపోయి కిందికి జారి ఉన్నవి చూస్తూనే ఉంటాను, ముందు అది చూసుకో. వెనక మనిషి కూర్చుంటే షాకప్స్ నొక్కుకుపోయి బండి కిందికి దిగుతుంది, ఒంటరిగా తగలని టర్నింగ్‌లో ఇద్దరున్నప్పుడు తగులుద్ది. ప్రీలోడ్ (షాకప్ స్ప్రింగ్ బిగింపు) రెండు మెట్లు బిగిస్తే తేడా నీకే తెలుస్తుంది.

సీతానగరం అక్క:
కాలు సంగతి వాళ్లు చెప్పేశారు, నేను కుడి టర్నింగ్ గురించి చెప్తా. టర్నింగ్‌లో దిగేలోపే స్పీడ్ తగ్గించేసుకుంటే మధ్యలో వెనక బ్రేక్ అవసరమే రాదు, కాలు తీయడానికి భయం కూడా పోద్ది. మామూలు ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) నిటారుగా ఉన్న బండి కోసం చేసింది, వంగి ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోవద్దు. ఇంకోటి, మనది ఎడమ వైపు ట్రాఫిక్ కాబట్టి కుడికి వంగినప్పుడు టైర్ నీ లైన్‌లో ఉన్నా తల మధ్య గీత దాటిపోతుంది, ఎదురుగా బస్సొస్తే ఏంటి పరిస్థితి, అందుకే గీతకి దూరంగా ఉండు. ఎడమ టర్నింగ్‌లో అంచున లారీలు రాల్చిన ఇసుక, కంకర ఉంటుంది. మన కనకదుర్గ ఫ్లైఓవర్ మీద వానలో కీళ్ల దగ్గర ఇనుము జారుతుంది, అక్కడ బండిని నిటారుగానే దాటించాలి. వంపు తగ్గాలంటే భుజాలు, తల టర్నింగ్ లోపలికి జరుపు, అదే స్పీడ్‌కి బండి తక్కువ వంగుతుంది.

అరండల్‌పేట రైడర్:
థాంక్స్ అన్నా, అక్కా. ప్రీలోడ్ బిగిస్తే ఒంటరిగా తోలేటప్పుడు గట్టిగా ఉండదా?

ఆటోనగర్ మెకానిక్:
ఉంటుంది. వెనక మనిషి దిగాక మళ్లీ వదులు చేసుకో, దాన్ని తిప్పే సి స్పానర్ చాలా బండ్లకి టూల్‌కిట్‌లోనే ఉంటుంది, రెండు వైపులా ఒకే మెట్టులో ఉందో లేదో చూసుకో.