విదేశీ చిత్రకారుల్ని రప్పించి మన గోడలకు రంగులేయించడం పెట్టిన ఖర్చుకు తగ్గ పనేనా?

గోడమీదపిల్లి:
2014లో ఢిల్లీ ఐటీవో దగ్గర పోలీస్ ప్రధాన కార్యాలయం గోడ మీద పెద్ద గాంధీ బొమ్మ వేశారు జర్మనీ చిత్రకారుడు హెండ్రిక్ బైకిర్ష్, మన అన్పు వర్కీ కలిసి. ఆ తర్వాత ఢిల్లీలోనే లోధీ కాలనీ గోడలు, 2016లో హైదరాబాద్ ఎం.ఎస్. మక్తా బస్తీ ఇళ్ళు. ఇప్పుడెవరు ఇలాంటి పని తలపెట్టినా ముందు 'అంతర్జాతీయ' అని తగిలిస్తున్నారు. నా మాట సూటిగా చెప్తాను. టికెట్టు, హోటలు, మనిషిని గోడ ఎత్తుకు లేపే లిఫ్టు బండి అద్దె అంటూ ఒక్కరి మీద పోసే డబ్బు ఇక్కడివాళ్ళకిస్తే ఇంకో రెండు గోడలు లేస్తాయి. పది రోజులకు వచ్చి పోయేవాళ్ళకు మన ఎండా తెలియదు, మన గోడా తెలియదు. (పేరు చూసి ఎటూ తేల్చనని అనుకోకండి.)

సున్నంబట్టీ:
గోడ తెలియాల్సింది పిలిచినవాళ్ళకండీ, వచ్చినవాళ్ళకు కాదు. బొమ్మ రెండేళ్ళకే పొలుసులుగా రాలిందంటే చాలాసార్లు తప్పు కింది పొరది. పాత ఇళ్ళకు ఏళ్ళ తరబడి కొట్టిన సున్నం ఉంటుంది. దాని మీద ఎమల్షన్ (నీళ్ళలో కలిపే ప్లాస్టిక్ రంగు) వేస్తే రంగు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది. అరచేత్తో రుద్దితే తెల్లపొడి అంటిందా, వైరు బ్రష్షుతో గీకి, కడిగి, ఆరబెట్టాల్సిందే. కొత్త ప్లాస్టరైతే కనీసం 28 రోజులు ఆగాలి. తొందరపడితే సిమెంటులోని క్షారం కొన్ని రంగుల్ని తినేస్తుంది, తెల్లటి ఉప్పు పొంగుతుంది. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్క నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. లోపల చెమ్మ కనిపిస్తే ప్రైమరు (రంగుకు ముందు వేసే పూత) డబ్బా మూత తీయొద్దు.

లెక్క కూడా చూడండి. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల ఎత్తు అంటే 600 చదరపు అడుగులు. లీటరు రంగు రెండు పూతలకు 50-60 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి 10-12 లీటర్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ కావాలి. గరుకు గోడ ఇంకాస్త తాగుతుంది. ఇది ఎవరు వేసినా ఇంతే.

పరంజా_శీను:
అన్నా, లిఫ్టు ముచ్చట కాయితం మీద బాగుంటది. ఎనిమిది అడుగుల గల్లీల బూమ్ లిఫ్టు తిరగదు, పరంజా కట్టాల్సిందే. కట్టినంక ఎనక్కి జరిగి బొమ్మ సూసుకునే జాగ ఉండది, కొలత తప్పేది ఆడ్నే. గందుకే మొదలు గోడ నిండ పిచ్చిగీతలు గీసి ఫోటో తీస్తరు. ఆ ఫోటో మీద స్కెచ్చు పరిచి, ఏ గీత పక్కన ముక్కు వస్తదో ఫోన్ల సూసుకుంట గీస్తరు. గడులు కొట్టుడు కంటే జల్ది అయితది. పడమటి గోడైతే పొద్దుగాల్నే పని గుంజాలె, మద్యాన్నం గోడ కాగితే రంగు కుంచె కిందనే ఆరి అతుకులు పడతయి. వానకాలంల మాత్రం ఎవర్నీ పిలవకుర్రి.

రేఖామాత్రం:
ఇలాంటి చిట్కాలు పక్కపక్కన నిలబడి పనిచేస్తేనే చేతికొస్తాయి. స్ప్రే రంగు డబ్బాలను విమానం ఎక్కనివ్వరు కాబట్టి వచ్చినాయన ఇక్కడ దొరికే రంగులతో, ఇక్కడివాళ్ళ చేత్తో కలిపించుకునే వేయాలి. గుడ్డ మీద కథల బొమ్మలు వేసే చెర్యాల నకాషీల గీతను నలభై అడుగులకు పెంచాలంటే పెద్ద గోడ అలవాటున్నవాళ్ళు కావాలి. అయితే వాళ్ళు వాడే చింతగింజల జిగురు, సుద్దమట్టి, ఇంగిలీకం (ఎర్ర రంగుపొడి) బయటి గోడకు పనికిరావు. వానకు జిగురే నిలవదు. వాళ్ళ బొమ్మల వెనకుండే ఎర్ర నేపథ్యానికి మామూలు ఎర్ర స్టైనరు (తెల్లరంగులో కలిపే చిక్కటి రంగు) పోస్తే ఎండకు వెలిసి గులాబీలోకి దిగుతుంది. ఐరన్ ఆక్సైడ్ ఎరుపు వాడి, ఇటుక రంగు ఛాయతో సర్దుకోవాలి. సర్దుకుంటారా లేదా అన్నది నకాషీలనే అడగాలి, నిర్వాహకుల్ని కాదు.

ఖర్చే బాధైతే 1984లో మొదలైన అమెరికాలోని ఫిలడెల్ఫియా మ్యూరల్ ఆర్ట్స్ (గోడబొమ్మల సంస్థ) వాళ్ళ దారి ఉంది. పారాచూట్ బట్ట అని పిలిచే పల్చటి పాలియెస్టర్ షీటును ఐదడుగుల చదరాలుగా కోసి, నీడపట్టున అక్రిలిక్‌తో వేసి, అక్రిలిక్ జెల్‌తో గోడకు అంటిస్తారు. చుట్టచుట్టి పంపేయొచ్చు.

సున్నంబట్టీ:
చెమ్మ గోడకు ఆ బట్ట ఉబ్బుతుంది. జెల్ గోడకూ బట్టకూ రెండిటికీ రాసి, మధ్య నుంచి అంచులకు గాలి తోసేయాలి. మన ఎండలో తోసేలోపే బిగుసుకుంటుంది. అయినా మనిషి రాకుండా చుట్ట వస్తే దాన్ని పార్సిల్ అంటారు, కళల మార్పిడి అనరు.

పట్టాపాసుబుక్కు:
అందరూ రంగు దగ్గరే ఆగిపోయారు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 57 చదివారా? బొమ్మ హక్కులు అమ్మేసినా, దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కు వేసినవాళ్ళకే ఉంటుందంటుంది అది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకు తిరిగిచ్చి 5 లక్షల పరిహారం కట్టమంది. న్యూయార్క్‌లో గోడబొమ్మలతో నిండిన 5 పాయింట్జ్ అనే భవనం గోడలకు 2013లో తెల్లరంగు కొట్టినందుకు 2018లో యజమానికి పడింది 67.5 లక్షల డాలర్లు. కాబట్టి ఇంటాయనతో, చిత్రకారుడితో ముందే కాగితం రాసుకోండి: బొమ్మ ఎన్నేళ్ళుండాలి, గోడ కూల్చాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెరిగితే ఎవరు దిద్దాలి. షూటింగుల సంగతి కూడా చెప్తాను. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న బొమ్మ సినిమాలో కనిపిస్తే, అనుమతి అక్కర్లేదని సెక్షన్ 52 మినహాయిస్తుంది. అదే బొమ్మను పోస్టరుగా అచ్చేసి అమ్మితే మాత్రం కాదు. ఇంకోటి, పారితోషికం ఇచ్చేట్టయితే టూరిస్టు వీసా మీద రప్పించొద్దు.

గోడమీదపిల్లి:
సగం మెట్లు దిగాను. గోడ సిద్ధమయ్యాకే టికెట్టు కొనేట్టయితే నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం వదలను. వచ్చిన చిత్రకారుడు, ఇక్కడి చిత్రకారుడు ఇద్దరి సంతకాలూ ఒకే సైజులో ఉండాలి, ఇద్దరికీ ఒకే పారితోషికం. ఇక్కడి మనిషిని 'సహాయకుడు' అని రాసి రోజుకూలీ చేతిలో పెడితే అది వెట్టే. సున్నంబట్టీ గారూ, పిట్టగోడ నుంచి కారే నల్లచారలకు మందుందా?

సున్నంబట్టీ:
ఉందండీ. పిట్టగోడ పైభాగం డాబా వైపు వాలేలా సిమెంటు చేయించండి. బయటి అంచు రెండంగుళాలు ముందుకొచ్చి, దాని కింద సన్నటి గాడి ఉంటే నీళ్ళు వెనక్కి పాకకుండా చుక్కలుగా కిందపడతాయి. ఇదంతా బొమ్మకు ముందే జరగాలి. తర్వాత చేయిస్తే సిమెంటు పాలు కారేది బొమ్మ మొహం మీదే.