ఫోల్డర్ చిరునామా కొడితే ఫైళ్ల జాబితా వస్తోంది, ఆపడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సంఘం వెబ్‌సైట్ ఉబుంటులో అపాచీ 2.4 అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. సైటు చిరునామా చివర /అప్‌లోడ్స్/ అని చేర్చితే చాలు, 'ఇండెక్స్ ఆఫ్' అన్న శీర్షిక కింద సభ్యుల గుర్తింపు పత్రాల స్కాన్లు పేరు, తేదీ, సైజుతో సహా బయటపడుతున్నాయి. .హెచ్‌టీయాక్సెస్ అనే ఫోల్డర్ సెట్టింగుల ఫైలులో, జాబితా చూపవద్దని 'ఆప్షన్స్ -ఇండెక్సెస్' అని రాసినా మార్పు లేదు. దయచేసి దారి చూపండి.

మొదటి జవాబు:
మీరు రాసింది సరైనదేనండి, అపాచీయే దాన్ని చదవడం లేదు. /ఈటీసీ/అపాచీ2/అపాచీ2.కాన్ఫ్ తెరిచి, /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/ కోసం ఉన్న డైరెక్టరీ భాగం చూడండి. 'ఆప్షన్స్ ఇండెక్సెస్ ఫాలోసిమ్‌లింక్స్' అనీ, కింద 'అలౌఓవర్‌రైడ్ నన్' అనీ ఉంటుంది. ఆ నన్ ఉన్నంతవరకు .హెచ్‌టీయాక్సెస్‌లో ఏం రాసినా వృథా.

సర్వర్ మీ చేతిలోనే ఉంది కాబట్టి అక్కడే ఇండెక్సెస్ అన్న మాట చెరిపేయండి. దానికి మాత్రం మైనస్ తగిలించి పక్కదాన్ని గుర్తు లేకుండా వదిలేయకండి. అలా కలిపితే 2.4 తప్పు చూపించి ఆగిపోతుంది. కాన్ఫిగ్‌టెస్ట్ (సెట్టింగుల్లో తప్పులు వెతికే ఆదేశం) నడిపి, అంతా సవ్యంగా ఉంటేనే రీలోడ్ చేయండి. మీ సైటుకు విడిగా ఉండే వర్చువల్ హోస్ట్ సెట్టింగుల ఫైలులో వేరే ఆప్షన్స్ వరుస ఉందేమో కూడా చూడండి.

రెండో జవాబు:
ఫోల్డర్‌లో ఖాళీ ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ పెట్టినా జాబితా రాదు కదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
రాదు, కానీ ఆ ఒక్క ఫోల్డర్‌కే. లోపలి ఫోల్డర్లన్నింటిలోనూ, రేపు కొత్తగా వచ్చేవాటిలోనూ పెట్టుకుంటూ పోవాలి. దాని మీద ఆధారపడవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు జాబితా బదులు 403 (అనుమతి లేదు) వస్తోంది. ధన్యవాదాలండి. ఇక సెర్చ్ ఇంజిన్లకు ఏవి చూడవద్దో చెప్పే రోబోట్స్.టెక్స్ట్‌లో ఈ ఫోల్డర్ పేరు చేర్చితే సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దండి. రోబోట్స్.టెక్స్ట్‌ను ఎవరైనా తెరిచి చదవవచ్చు. దాచాల్సిన ఫోల్డర్ ఎక్కడుందో మీరే చెప్పినట్లవుతుంది. జాబితా పోయినా ఫైళ్లు అక్కడే ఉన్నాయి, పూర్తి చిరునామా తెలిసినవారికి ఇప్పటికీ తెరుచుకుంటాయి. గుర్తింపు పత్రాలను వెబ్ ఫోల్డర్ బయటకు తరలించి, లాగిన్ అయినవారికే స్క్రిప్టు ద్వారా అందించండి. ఈ పని ఈ రోజే చేయండి.

దానికన్నా ముందు /వార్/లాగ్/అపాచీ2/ లోని యాక్సెస్ లాగులను వేరేచోట కాపీ చేసుకోండి. పాత లాగులను ఉబుంటు కొద్ది రోజులకే చెరిపేస్తుంది. ఏ పత్రం ఏ ఐపీ చిరునామాకు వెళ్లిందో వాటిలోనే తెలుస్తుంది. వెళ్లినట్లు కనిపిస్తే ఆ సభ్యులకు వెంటనే చెప్పండి.